ముందుగది సముద్రం

మొదటి శవం కాఫీ వేళకు తేలింది.

కుళ్లాయప్ప గ్లాసు కింద పెట్టి తొట్టి అద్దానికి ముఖం ఆనించాడు. పోయింది నీలం రంగు సర్జన్ చేప. నిన్న సాయంత్రం దాకా తొట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి జమీందారులా పచార్లు చేసింది. ఇప్పుడు పక్కకు ఒరిగి, నోరు తెరుచుకుని, ఫిల్టరు గొట్టానికి అతుక్కుపోయింది. మిగతావి బతికే ఉన్నాయి గాని, ఎక్కువసేపు ఉండేలా లేవు. అన్నీ అలలు పుట్టించే మోటారు ముందు గుంపుగా చేరి, ఎండలో పరుగెత్తి వచ్చిన కుక్కల్లా రొప్పుతున్నాయి. టార్చిలైటు పక్క నుంచి వేసి చూశాడు. ఒంటినిండా సన్నటి పసుపు పొడి. ఎవరో నలుగు పెట్టి సగంలో వదిలేసినట్టుంది.

"ఈశ్వరీ, వెల్వెట్ వచ్చింది!" అని అరిచాడు.

పెరట్లోంచి ఈశ్వరమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. ఉప్పునీటి చేపలు పెంచేవాళ్ల ఇళ్లలో ఆ మాట ఒకసారి వినబడితే రెండోసారి చెప్పే పని ఉండదు. అది కంటికి కనబడని క్రిమి. మొప్పల్లో దూరి ఊపిరి బిగిస్తుంది. నాలుగు రోజులు ఏమరితే తొట్టిలో నీళ్లు తప్ప ఏమీ మిగలవు.

"పెద్దక్క? చిన్నోడు?" అంది ఈశ్వరమ్మ.

అవి నారింజ రంగు మీద తెల్లటి పట్టీలున్న క్లౌన్ చేపల జంట. పెళ్లయిన కొత్తలో ఈశ్వరమ్మ మొగుణ్ణి ఒకే ఒక్క కోరిక కోరింది, సముద్రం చూపించమని. ఫ్లెక్సీల షాపు వదిలిపెట్టి కుళ్లాయప్ప తిరుపతి దాటి పోలేకపోయాడు. చివరికి సముద్రాన్నే ముందుగదికి తెచ్చాడు. అందులో మొదట అడుగుపెట్టినవి ఈ రెండే. ఆమె వేలు నీళ్లలో పెడితే వచ్చి ముద్దు పెట్టేవి. ఇప్పుడవి కూడా మోటారు ముందు నిలబడి ఎగపోస్తున్నాయి.

"ఉండాయి. ఇప్పటికి ఉండాయి," అన్నాడు కుళ్లాయప్ప.

మందు లేని జబ్బేమీ కాదు. రాగి మందుకు లొంగుతుంది. కాకపోతే దాన్ని పెద్ద తొట్టిలో పోస్తే రొయ్యలూ నత్తలూ చస్తాయి. కాబట్టి చేపలన్నిటినీ వలతో పట్టి వేరే తొట్టిలోకి మార్చాలి, మందు అక్కడ వేయాలి. పెద్ద తొట్టిని కొన్ని వారాలు చేప లేకుండా వదిలేస్తే, కొరకడానికి ఒళ్లు దొరక్క ఆ క్రిమి తనంతట తనే చస్తుంది. కుళ్లాయప్ప చకచకా నీలం ప్లాస్టిక్ టబ్బు కడిగాడు. ఉప్పునీళ్లు నింపాడు. గాలి మోటారు తగిలించాడు. మందు సీసా పక్కన పెట్టాడు. చేతివల తీసుకుని తొట్టి మూత ఎత్తాడు.

చెవులు చిల్లులు పడేలా ఈల మోగింది.

సోఫాలో కూర్చున్న హోంగార్డు మద్దిలేటి ఒక చేతిలో ఉప్మా ప్లేటు, ఒక చేతిలో ఈలతో లేచాడు. ఖాకీ చొక్కా మీద నారింజ రంగు లైఫ్ జాకెట్ బిగించి ఉన్నాడు.

"వల దించన్నా. సముద్రంలో యాట నిషేధం నడుస్తాండాది," అన్నాడు.

కుళ్లాయప్ప ముందుగదికి హోంగార్డు ఎలా వచ్చాడో చెప్పాలంటే ఒక సర్క్యులర్ గురించి చెప్పాలి.

ఆ ఏడాదిని ప్రభుత్వం సముద్ర సంపద సంవత్సరంగా ప్రకటించింది. ప్రతి జిల్లా తన సముద్రం వివరాలు పంపాలని రాజధాని నుంచి సర్క్యులర్ వచ్చింది. 'లేదు అను నివేదికలు స్వీకరించబడవు' అని దాని అడుగున ఉంది. ఎర్రమిట్ట జిల్లాలో తాగడానికే నీళ్లు లేవు. జిల్లా మత్స్యశాఖ అధికారి పురుషోత్తం 'మా జిల్లాకు సముద్రము లేదు' అని రాశాడు. నిర్లక్ష్యానికి సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. మళ్లీ అదే రాశాడు. ఇంకా ఘాటైన మెమో వచ్చింది. మూడోసారి 'సముద్రము కొరకు గాలింపు ముమ్మరముగా జరుగుచున్నది' అని రాశాడు. మెచ్చుకుంటూ జవాబు వచ్చింది.

ఇక గాలించక తప్పలేదు. ఎండిన చెరువులు గాలించాడు. ఉప్పు నేలలు గాలించాడు. చివరికి సముద్ర సంపద సంవత్సరం ఫ్లెక్సీ వేయించడానికి కుళ్లాయప్ప షాపుకొచ్చి, పక్కనే తెరిచి ఉన్న ముందుగదిలోకి తొంగి చూశాడు. సర్క్యులర్ ప్రకారం ఉప్పునీరు, సముద్ర జీవులు, అలలు ఉన్న జలరాశి సముద్రం. అక్కడ ఉప్పునీరు ఉంది. చేపలున్నాయి. మోటారు పుణ్యమా అని అలలూ ఉన్నాయి. పురుషోత్తం కళ్లు చెమర్చాయి.

"దొరికింది," అన్నాడు.

ఒకసారి సముద్రమయ్యాక, సముద్రానికి రావలసినవన్నీ వరసగా వచ్చాయి. కడప రాళ్ల మీద పసుపు రంగుతో తీరరేఖ గీశారు. వంటగది తీర నియంత్రణ మండలంలోకి వచ్చింది గనుక పొయ్యి పెరట్లోకి పోయింది. తీర రక్షణకు మద్దిలేటి వచ్చాడు. అతనికి ఈత రాదు. పుట్టి బుద్ధెరిగాక మోకాలి లోతు నీళ్లు చూడలేదు. ఎదురింటాయన 'సముద్రం కనబడును' అని బోర్డు పెట్టి మేడగది అద్దె పెంచాడు.

ఆ తర్వాత మంత్రిగారు వచ్చారు. జలాశయాల్లో చేపపిల్లలను వదిలి ఫొటో దిగడం ఆయనకు అలవాటే. సముద్రంలో వదలడం మాత్రం అదే మొదలు. పాలిథిన్ సంచిలో నిమ్మపండు రంగు చేప సిద్ధంగా ఉంది. కుళ్లాయప్ప చేతులు జోడించాడు.

"సార్, కొత్త చేపను కొన్నాళ్లు విడిగా పెట్టల్ల. జబ్బు లేదని చూసినాకనే కలపల్ల."

"మంత్రివర్యుల అమృత హస్తాల మీదుగా విడుదలయ్యే మత్స్యానికి జబ్బు ఉండే అవకాశం లేదు," అన్నాడు పురుషోత్తం. "ఉందేమో అనుకోవడం కూడా ఒక జబ్బే."

చప్పట్లు మోగాయి. ఫొటోలు తీశారు. ఆ సాయంత్రమే నిమ్మపండు రంగు చేప దురద పుట్టినట్టు రాయికేసి ఒళ్లు రుద్దుకుంది. చూసినవాడు కుళ్లాయప్ప ఒక్కడే.

ఇప్పుడు చచ్చిన సర్జన్ చేపను కవరులో వేసుకుని కుళ్లాయప్ప మత్స్యశాఖ ఆఫీసుకు పరుగెత్తాడు. పురుషోత్తం వెనక గోడకు పెద్ద పటం వేలాడుతోంది. ఎర్రమిట్ట సముద్రం: ఉత్తరాన టీవీ, దక్షిణాన చెప్పుల స్టాండు, పడమర మెట్లు.

"చేపలు చస్తాండాయి సార్. వలతో ఎత్తి పక్క టబ్బులో ఏసుకుంటా. మందేస్తా. అంతే సార్."

పురుషోత్తం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సముద్రం నుంచి వలతో చేపను తీయు ప్రక్రియను శాఖాపరంగా ఏమంటారో తమరికి తెలుసా?"

"ఏమంటారు సార్?"

"వేట అంటారు."

"యాట అంటే తినేకి గదా సార్. ఇది బతికిచ్చుకునేకి."

"ఉద్దేశానికి మా దగ్గర కాలమ్ లేదండీ. వల, చేప, సముద్రం ఈ మూడింటికే ఉంది. వేసవిలో సముద్రపు వేట నిషేధం. ఎందుకు? చేపలు ప్రశాంతంగా సంతానోత్పత్తి చేసుకోవడానికి."

"ఊపిరాడక కొట్టుకునే చేప ఏం సంతానోత్పత్తి చేస్తాది సార్?"

"అది సదరు చేప వ్యక్తిగత విషయం. శాఖ జోక్యం చేసుకోదు."

కుళ్లాయప్ప పళ్లు కొరికాడు. "పోనీ, రొయ్యలూ నత్తలూ ఏమైతే అయినాయి. మందు తొట్లోనే పోసేస్తా."

పురుషోత్తం కుర్చీలోంచి సగం లేచాడు. "సముద్రంలో రసాయనమా! ప్రపంచ దేశాలు మన గురించి ఏమనుకుంటాయి?"

"మరి నన్నేం చెయ్యమంటారు సార్?"

"సృష్టి మొదలు నేటి వరకు ఏ సముద్రంలోనైనా చేపకు వైద్యం చేసిన పూర్వోదాహరణ ఉంటే పట్టుకురండి, పరిశీలిస్తాం. అలాగని శాఖ చేతులు ముడుచుకుని కూర్చుందని అనుకోవద్దు. వ్యాధి పొరుగు సముద్రాలకు పాకకుండా ఇప్పుడే హెచ్చరిక జారీ చేస్తున్నాను. ఒక ప్రతి బంగాళాఖాతానికి, ఒక ప్రతి అరేబియా సముద్రానికి."

"వాటికీ దీనికీ సంబంధమేముంది సార్? మధ్యలో మా ఇంటి గోడుంది."

"భూమ్మీది సముద్రాలన్నీ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయని చిన్న తరగతుల్లోనే చెబుతారండీ," అన్నాడు పురుషోత్తం జాలిగా. "తమరు బడికి పోలేదా?"

కుళ్లాయప్ప ఇంటికొచ్చేసరికి ఇంకో రెండు తేలాయి. మద్దిలేటి వాటిని చేత్తో ఏరి పేపరు మీద పెట్టాడు.

"సచ్చినవి ఏరుకుంటే యాట కాదులే అన్నా," అని ఓదార్చాడు. "బతికినవాటి జోలికి పోతేనే నా ఉజ్జోగం పోతాది."

వల వాడకూడదు. మందు వాడకూడదు. కుళ్లాయప్పకు ఒకే దారి తోచింది. పాత నీళ్లు కొంత తోడి కొత్త ఉప్పునీళ్లు పోస్తే, నీళ్లలో ఈదే క్రిమి కొంతైనా బయటికి పోతుంది. చేపలకు ఒక పూట ఆయుష్షు దొరుకుతుంది. మద్దిలేటి టీకి పోయిన సమయం చూసి, గొట్టం వేసి బకెట్లలోకి నీళ్లు వదిలాడు. తొట్టి జానెడు తగ్గింది. కొత్త నీళ్లు తేవడానికి పెరట్లోకి వెళ్లాడు.

సరిగ్గా అప్పుడే మద్దిలేటి తిరిగొచ్చాడు. అద్దం మీద అంటించిన నీటిమట్టం స్కేలు చూశాడు.

"సముద్రం యాడికి పాయ?"

మద్దిలేటికి ఇచ్చిన శిక్షణలో అతనికి గుర్తున్నది ఒకే ముక్క. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తగ్గితే దాని వెనకే సునామీ వస్తుంది. అతను ఫోను తీశాడు.

ఐదు నిమిషాల్లో సైరను మోగింది. జీపులు దిగాయి. మైకు అందుకుంది: "ప్రజలకు విజ్ఞప్తి. ఎవరూ భయపడవద్దు. అందరూ పరుగెత్తండి. సముద్రం మీ వీధిలోకి వస్తోంది."

అది నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియని వీధి. నీళ్లొస్తున్నాయని వినబడగానే సగంమంది బిందెలు, డ్రమ్ములు పట్టుకుని సునామీకి ఎదురు పరుగెత్తారు. వరసలో నిలబడి ముందు నేనంటే నేనని జుట్లు పట్టుకున్నారు. వాళ్లను లారీల్లో ఎక్కించి హైస్కూలు మేడ మీదికి చేర్చడానికి పోలీసులు లాఠీలకు పని చెప్పవలసి వచ్చింది. మేడ మీద పులిహోర పొట్లాలు పంచారు.

కుళ్లాయప్పను ఇద్దరు పోలీసులు చెరో రెక్కా పట్టుకుని ఈడ్చారు. "నీళ్లు తోడింది నేనే సార్! సునామీ లేదు గినామీ లేదు!" అని అతను గింజుకున్నాడు.

"ఆపదలో ఉన్నవాళ్లు ఇలాగే మాట్లాడతారు," అన్నాడు పురుషోత్తం. అతను తలకు హెల్మెట్ పెట్టుకున్నాడు. "ప్రాణనష్టం నివారించడమే మా ధ్యేయం."

"నా చేపలవి ప్రాణాలు కాదా సార్?"

"సునామీ వల్ల ప్రమాదం తీరానికండీ. అవి సముద్రంలోనే ఉన్నాయి. క్షేమం."

మర్నాడు పొద్దెక్కాక వీధివాళ్లను ఇళ్లకు వదిలారు. ఈశ్వరమ్మ అందరికంటే ముందు ఇంట్లోకి ఉరికింది. తొట్టి నిండా తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. నిమ్మపండు రంగు చేప కూడా అందులో ఉంది. అడుగున, ఇసక మీద, పెద్దక్కా చిన్నోడూ పక్కపక్కనే ఒరిగి పడుకుని ఉన్నాయి. రెక్కలు ముడుచుకుపోయాయి. మొప్పలు మాత్రం గబగబా కొట్టుకుంటున్నాయి.

ఆమె వేలు నీళ్లలో పెట్టింది. రెండింట్లో ఏదీ రాలేదు.

కుళ్లాయప్ప గోడకున్న వల తీశాడు.

"కేసు పెడతారన్నా," అన్నాడు మద్దిలేటి. ఈల నోట్లో పెట్టుకున్నాడు గాని ఊదలేదు. "పట్టినా లాభం లేదులే. పానమున్న చేప దొరికితే మల్లా సముద్రంలోనే ఇడవాలంట. రూలు."

"జైల్లో పెట్టుకోనీలే."

అంతలో వాకిట్లో జీపు ఆగింది. పురుషోత్తం దిగాడు. జుట్టు చెదిరి ఉంది. చేతిలో కాగితం అల్లల్లాడుతోంది. సముద్రం దొరికిన నాటి నుంచి అతని ముఖంలో ఉన్న కళ ఒక్క చుక్క కూడా మిగల్లేదు.

"రాజధాని నుంచి మెమో," అంటూ సోఫాలో కూలబడ్డాడు. "సునామీ అని వీధి మొత్తం ఖాళీ చేయించావు, మరి నష్టమెక్కడ అంటున్నారు. ఒక్క గోడ కూలలేదు. ఒక్క ప్రాణి పోలేదు. నష్టం లేని సునామీ శాఖ పరువుకు భంగమట. సాయంత్రంలోగా నష్టం చూపకపోతే సస్పెన్షన్."

అప్పుడతని చూపు తొట్టి మీద పడింది. మెల్లగా లేచాడు. తేలుతున్న పొట్టల వంక ఆకలిగొన్నవాడు విస్తరి వంక చూసినట్టు చూశాడు.

"ఇవి... ఎప్పుడు పోయాయి?"

కుళ్లాయప్ప నోరు తెరిచాడు. ఈశ్వరమ్మ అతని నడుం మీద చర్మం ఊడేలా గిల్లింది.

"సునామీలో సార్," అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మమ్మల్ని ఈడ్చుకపోతిరి. ఇవి పాపం యాడికి పోతాయి? అన్నీ పాయ."

"అన్నీనా?" పురుషోత్తం గొంతులో ఆశ పొంగింది. "ఆ అడుగున రెండు..."

"అవీ పాయ సార్. సూడండి, ఎట్ల పండుకున్యాయో."

"మొప్పలు కదులుతున్నట్టున్నాయే?"

"అల తగిలి కదులుతాండాయి. సముద్రం గదా సార్."

పురుషోత్తం ఒక్క క్షణం ఆమె ముఖం చూశాడు. ఒక్క క్షణం మెమో చూశాడు. ఆ తర్వాత పెన్ను తీశాడు. 'ఎర్రమిట్ట సునామీ దుర్ఘటనలో సముద్రమునందలి యావత్తు మత్స్యజాతి దుర్మరణం పాలైనదని స్వయముగా పరిశీలించి ధ్రువీకరించడమైనది' అని రాసి సంతకం చేశాడు. ముద్ర వేశాడు. అప్పటికి గాని అతను మామూలుగా ఊపిరి పీల్చుకోలేదు.

"ఇంక పీనుగుల్ని ఎత్తుకోవచ్చా సార్?" అంది ఈశ్వరమ్మ.

"నిరభ్యంతరంగా. మృతదేహాల సేకరణ వేట కిందికి రాదు."

"వలతో?"

"మృతులకు మర్యాద ముఖ్యం. వలే శ్రేయస్కరం."

ఆ మాట పూర్తి కాకముందే కుళ్లాయప్ప చెయ్యి భుజం దాకా తొట్టిలో మునిగింది. పెద్దక్క వచ్చింది. చిన్నోడు వచ్చాడు. రెండూ నీలం టబ్బులో పడ్డాయి. కుళ్లాయప్ప గాలి మోటారు వేసి, మందు సీసా మూత తిప్పాడు.

"అదేమిటి?" అన్నాడు పురుషోత్తం.

"తీర్థం సార్. పోయినోళ్ల నోట్లో పోస్తాం గదా," అంది ఈశ్వరమ్మ.

"సంప్రదాయాలను శాఖ గౌరవిస్తుంది," అంటూ అతను జీపెక్కాడు.

మొదటి రెండు రోజులూ భార్యాభర్తలు టబ్బు పక్క నుంచి కదల్లేదు. చిన్నోడు ఒక పూట తలకిందులయ్యాడు. ఈశ్వరమ్మ టబ్బు అంచు పట్టుకుని వాణ్ణి తిట్టిన తిట్లు వీధి చివరిదాకా వినబడ్డాయి. ఆ సాయంత్రానికి నిటారుగా అయ్యాడు. క్రమంగా ఒంటి మీది పసుపు రాలింది. రొప్పు తగ్గింది. ఒకరోజు ఈశ్వరమ్మ వేలు నీళ్లలో పెడితే పెద్దక్క వచ్చి కొరికింది. ఆమె పెరట్లోకి పోయి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చి వచ్చింది.

అటు ఖాళీ సముద్రంలో క్రిమి తిండి లేక చచ్చింది. 'వ్యాధిని సమూలముగా నిర్మూలించిన తొలి సముద్రము' అని పురుషోత్తంకు ప్రశంసాపత్రం వచ్చింది. సునామీని సమర్థంగా ఎదుర్కొన్నందుకు పదోన్నతి కూడా వచ్చింది. బదిలీ మీద పోయేముందు మృతుల కుటుంబాన్ని పరామర్శించి పోదామని శాలువా, పూలదండ, మంత్రిగారి సంతాప సందేశం కట్టిన ఫ్రేమూ పట్టుకుని వచ్చాడు. ఫ్రేములో 'కీర్తిశేషులైన మత్స్యములకు అశ్రునివాళి' అని ఉంది.

ఫ్రేము ఎక్కడ తగిలించాలా అని గోడలు చూస్తూ చూస్తూ అతను టబ్బు దగ్గర ఆగిపోయాడు.

పెద్దక్క ముందు, చిన్నోడు వెనక, నిగనిగలాడుతూ టబ్బు లోపల ప్రదక్షిణం చేస్తున్నాయి. పురుషోత్తం కళ్లజోడు తీశాడు. తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

"ఇవి... ఆ అడుగున పడుకున్నవేనా?"

కుళ్లాయప్పకు రూలు గుర్తొచ్చింది. బతికున్న చేప దొరికితే సముద్రంలో వదలాలి. పెద్ద తొట్టిలో మంత్రిగారి తర్వాతి సంచి ఏ క్షణాన పడుతుందో తెలియదు.

"అవే సార్," అన్నాడు. "తమరు స్వయంగా పరిశీలించి ధ్రువీకరించినవి."

పురుషోత్తం ముఖంలో రంగులు మారాయి. ఇవి బతికుంటే నష్టం అబద్ధం. నష్టం అబద్ధమైతే సునామీ అబద్ధం. సునామీ అబద్ధమైతే పదోన్నతి ఏమవుతుందో అతను ఊహించదలచుకోలేదు.

"మద్దిలేటీ," అన్నాడు నెమ్మదిగా. "ఆ టబ్బులో నీకేమైనా కనబడుతోందా?"

మద్దిలేటి లైఫ్ జాకెట్ సర్దుకుని కప్పు వంక చూశాడు. "నేను డ్యూటీలో ఉండాను సార్. నాకేమీ కనపడదు."

"ఈదుతున్నట్టుగా ఒక చలనం..."

"సచ్చినోళ్లు ఇంట్లో తిరిగినట్టు మాకూ అనిపిస్తాంటాది సార్," అంది ఈశ్వరమ్మ. "ఊరికే ఏడుస్తాం."

"సహజం, సహజం," అన్నాడు పురుషోత్తం. అతని గొంతు కుదుటపడింది. "అయినా ఈదుట బతికి ఉండుటకు నిదర్శనమని ఏ ఉత్తర్వులోనూ పేర్కొనలేదు. సంతకం మాత్రం చాలా స్పష్టంగా ఉంది."

అతను పూలదండను టబ్బు అంచుకు వేశాడు. ఫ్రేమును దాని ముందు నిలబెట్టాడు. చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని మౌనం పాటించాడు. కళ్లు తెరిచాక టబ్బు వైపు మళ్లీ చూడకుండా, శాలువా కుళ్లాయప్పకు కప్పి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

జీపు శబ్దం వీధి మలుపు తిరిగింది. తర్వాత కుళ్లాయప్ప చిటికెడు మేత తీసి నీళ్ల మీద చల్లాడు.

కీర్తిశేషులు ఎగబడి తిన్నారు.